ఆరన్ డెన్నిసన్ జీవితము: పాత జేబు గడియారముల పూర్వకథ

మన తెలుగు కుటుంబములలో కొన్నిటియందు నేటికిని ఇనుప బీరువా లోపలి అరలో, తాతగారి పెండ్లి శుభలేఖ ప్రక్కనో పాత భూమి దస్తావేజుల నడుమనో, ఒక జేబు గడియారము పడియుండును. దాని ముఖముపై వాల్థమ్ అనియో ఎల్జిన్ అనియో పేరుండును. కీ ఇచ్చిన నడచునో నడవదో యెవరును చూచియుండరు. అది ఏ దేశమున, ఏ యేట తయారైనదో తెలిసికొన వలయునన్న కుతూహలము గలవారు బహు తక్కువ. వెండి ధర పెరిగినదని విని సాక్చి బజారునకు తీసికొనిపోయి తూకమునకు అమ్మివేసినవారిని నేనెఱుగుదును. తూచువాడు మూత నొకవైపునకు, లోపలి యంత్రమును మఱియొకవైపునకు వేయును. మూతకు ధర కట్టును. యంత్రమునకు విలువ లేదనును. ఆ విలువలేని యంత్రము వెనుక ఒక మనుష్యుని జీవితమంతయు నున్నది. విచిత్రమేమన, కొన్ని గడియారముల విషయమున ఆ మూత వెనుక నున్నదియు ఆ మనుష్యుని జీవితమే.

ఆయన పేరు ఆరన్ లఫ్కిన్ డెన్నిసన్. అమెరికా గడియార పరిశ్రమకు జనకుడని చరిత్రకారులు ఆయనను పేర్కొందురు. ఆ పరిశ్రమను ఆరంభించిన దినములలో మాత్రము బోస్టన్ నగరవాసులాయనను పిచ్చివాడనిరి.

డెన్నిసన్ 1812వ సంవత్సరము మార్చి 6వ తేదీన, అమెరికా ఈశాన్యపు మూలనున్న మెయిన్ రాష్ట్రమున, ఫ్రీపోర్టు అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి ఆండ్రూ డెన్నిసన్ చెప్పులు కుట్టి జీవించువాడు, పాటయు నేర్పుచుండెడివాడు. కలిగిన కుటుంబము కాదు. బాలుడైన ఆరన్ తాపీపనివారికి సున్నపు తట్టలు మోసెను, పశువులను కాచెను, కట్టెలు కోసెను. తండ్రి దగ్గఱ చెప్పులపనికి కూర్చున్నప్పుడు, ఒక్కొక్క జతకు ఒక్కొక్కమారు అట్టలు కోయుటకంటె ఒకేమారు పెక్కు అట్టలు కోసి పెట్టుకొన్న పని త్వరగా సాగునని ఆ పిల్లవాడు సూచించినట్లు ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మహాపురుషుల బాల్యము గుఱించి పిమ్మట కల్పించెడి కథలు మన దేశమునను కొల్లలు. కాని యీ కథ నమ్మదగినదిగా నున్నది. ఏలయనగా ఆయన ఎనుబది యేండ్ల జీవితములో చేసిన పనులన్నియు ఈ ఒక్క యూహకు విస్తరణములే.

1830వ సంవత్సరమున, పదునెనిమిదవ యేట, ఆయన బ్రన్స్‌విక్ పట్టణములో జేమ్స్ కేరీ అను గడియారములవాని కడ పని నేర్చుకొనుటకు చేరెను. మూడు సంవత్సరములు గడచిన పిమ్మట బోస్టన్ నగరమునకు పోయి, నగల వర్తకుల దుకాణములలో గడియారములు బాగుచేయు పనిలో ప్రవేశించెను. అక్కడ టూబల్ హోన్ అను నేర్పరియైన పనివాని ప్రక్కన కూర్చుండి, ఇంగ్లండునుండియు స్విట్జర్లాండునుండియు వచ్చిన గడియారములను విప్పి చూచెడి యవకాశము లభించెను. విప్పి చూచినకొలది ఆయనకు ఆశ్చర్యముకంటె అసంతృప్తియే హెచ్చినది.

ఆ కాలమున జేబు గడియారము లెట్లు తయారగుచుండెడివో కొంత చెప్పవలసియున్నది. ఇంగ్లండులో లాంకషైరు జిల్లాలోని ప్రెస్కట్ పరిసరములలో కొందఱు పనివారు తమ తమ యిండ్లలో పలకలు, చక్రములు మోటుగా చేసి అమ్ముదురు. వానిని లివర్‌పూల్, కవెంట్రీ, లండనులలోని పనివారు కొని, ఒకడు రాళ్ళు పొదుగును, ఒకడు పళ్ళు రాచును, ఒకడు ముఖము వ్రాయును, ఒకడు మూత చేయును. ఇట్లు పలు చేతులమీదుగా పోయి తుదకు ఒక గడియారమగును. అన్నింటిమీదను ఒకే దుకాణదారుని పేరుండును. పని సొగసైనదే. కాని ప్రతి భాగమును దాని పొరుగు భాగమునకు సరిపోవునట్లు ఆకురాయితో రాచినందువలన, ఒకే పేరు గల రెండు గడియారములను విప్పి భాగములను కలిపివేసినచో తిరిగి ఏ ఒక్కటియు నడవదు. ఒక చక్రము పన్ను విఱిగినయెడల క్రొత్త చక్రమును మొదటినుండి చేయవలసినదే. గడియారము ధనికుల వస్తువుగా నుండిపోయినదన్న, బంగారము వెండి ఒక్కటే కారణము కాదు. ఈ రాచుడు పనియే ముఖ్య కారణము.

సొంత దుకాణము పెట్టిన పిమ్మట డెన్నిసన్ మొదట చేసిన పని చూచుటకు చిన్నది. గడియారములలోని ప్రధానమైన స్ప్రింగులు ఒక్కొక్క దుకాణమున ఒక్కొక్క వెడల్పు, ఒక్కొక్క మందము గలిగి వచ్చుచుండెను. 1840వ సంవత్సరమున ఆయన వానిని కొలుచుటకు ఒక గేజిని తయారుచేసెను. డెన్నిసన్ గేజి యను పేర అది పనివారిలో చిరకాలము వాడుకలో నుండెను. కొలత యొక్కటి కానిదే వస్తువు లొక్కటి కావని గ్రహించినవాడు ఆయన.

ఇచ్చట మఱియొక చిన్న వృత్తాంతము. నగల దుకాణములకు కావలసిన చిన్న చిన్న అట్టపెట్టెలు అప్పుడు విదేశములనుండియే వచ్చుచుండెను. 1844వ సంవత్సరమున డెన్నిసన్ మంచి కాగితపు అట్ట కొని, బ్రన్స్‌విక్ లోని తండ్రికి పంపి, ఇంటిల్లిపాదిచేతను పెట్టెలు చేయించెను. చెప్పుల అట్టలు కోసిన చేతులు కాగితపు అట్టలు కోయసాగినవి. వ్యాపారము సాగినది. కాని ఆయన మనస్సు గడియారములపై నుండుటచే కొలదికాలములోనే దానిని తమ్ముడు ఎలిఫలెట్‌కు అప్పగించి తాను తప్పుకొనెను. ఈ పెట్టెల సంగతి తుదిలో మరల వచ్చును.

మాసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డులో అమెరికా ప్రభుత్వపు తుపాకుల కర్మాగార ముండెను. అక్కడ తుపాకి భాగములను యంత్రములపై ఒకే కొలతకు చేసి, ఏ తుపాకి భాగము నైనను ఏ తుపాకికైనను బిగించునట్లు తయారుచేయుచుండిరి. డెన్నిసన్ దానిని పోయి చూచెను. తుపాకి కట్లు సాధ్యమైనప్పుడు గడియారమునకు ఏల సాధ్యము కాదని ఆయనకు తోచినది. జంషెడ్‌పూరులో నివసించు మనకిది వింతగా తోచదు. టెల్కో యని మనమింకను పిలుచుకొను కర్మాగారమునుండి వెడలిన లారీ గుంటూరులో నిలిచిపోయినచో, అక్కడి దుకాణమున కొన్న భాగము దానికి సరిపోవును. సరిపోకున్న మనకు కోపము వచ్చును. కాని లారీ మఱ వేఱు, గడియారపు మఱ వేఱు. ఆవగింజకన్న చిన్నదైన మఱను, తలవెండ్రుకతో పోల్చదగిన ఇరుసుకొనను ఒకదానివలె నొకటి వేలకొలది చేయగల యంత్రములు ఆనాడు ప్రపంచమున ఎక్కడను లేవు. గడియారములు చేయుటకు ముందు, గడియారములు చేయు యంత్రములను చేయవలసియుండెను. పిచ్చివాడని లోకులనుటలో వారి తప్పంతయు లేదు.

1849వ సంవత్సరమున ఆయన ఎడ్వర్డ్ హోవర్డు అను పెద్దమనుష్యుని ఒప్పించెను. హోవర్డు, ఆయన భాగస్వామి డేవిడ్ డేవిస్, గోడ గడియారములకును త్రాసులకును పేరొందినవారు. సామ్యూల్ కర్టిస్ అను ధనికుడు 20,000 డాలర్లు పెట్టుబడి పెట్టెను. బోస్టన్ ప్రక్కనున్న రాక్స్‌బరీలో 1850వ సంవత్సరమున కర్మాగారము లేచినది. డెన్నిసన్ ఇంగ్లండునకు పోయి అక్కడి పనివారు బంగారు పూత వేయు విధము మున్నగునవి పరిశీలించి, సామానులు కొని తిరిగివచ్చెను.

మొదటి ప్రయత్నము విఫలమైనది. ఒకమారు కీ ఇచ్చిన ఎనిమిది దినములు నడచు గడియారము చేయవలయునని డెన్నిసన్ పట్టుబట్టెను; అట్టివి కొలదిగా మాత్రము చేసి, సమయము సరిగా చూపకుండుటచే మానివేసిరి. తరువాత ముప్పది యాఱు గంటలు నడచునవి చేసిరి. వానిలో మొదటివానిపై వారెన్ అని పేరు చెక్కిరి; రాక్స్‌బరీలో పుట్టి 1775లో బంకర్ హిల్ యుద్ధమున మరణించిన జనరల్ జోసఫ్ వారెన్ పేరది. తరువాతి వానిపై పెట్టుబడి పెట్టిన కర్టిస్ పేరు చెక్కిరి. రెండును కలిపి వేయి సంఖ్యకు మించవు. నేడు ఈ రెండు పేర్లలో ఏదైన నున్న గడియారము దొరికినవాని అదృష్టమే అదృష్టము. 1853లో సంస్థకు బోస్టన్ వాచ్ కంపెనీ అని పేరు పెట్టిరి.

రాక్స్‌బరీ నేల పలుచని దుమ్ము నేల. గాలి వీచినప్పుడెల్ల ఆ దుమ్ము కర్మాగారములో ప్రవేశించి నూనెలో కలిసి చక్రముల నడక చెఱచుచుండెను. 1854వ సంవత్సరము అక్టోబరులో కర్మాగారమును బోస్టనుకు పదిమైళ్ళ దూరమున, చార్లెస్ నదీతీరమున నున్న వాల్థమ్ అను పచ్చని ఊరికి మార్చిరి. మనకు ముఖములపై కనిపించు ఆ పేరు ఒక మనుష్యుని పేరు కాదు. ఒక నదీతీర గ్రామము పేరు.

స్థలము మాఱినను అదృష్టము మాఱలేదు. యంత్రము చేయుట, విఱుగుట, మార్చుట. చేసిన గడియారములకంటె చెడగొట్టిన సామాను విలువ హెచ్చు. విదేశపు గడియారములకు అలవాటుపడిన వర్తకులు వీనిని కొనుటకు జంకిరి. 1857వ సంవత్సరము వసంతమున సంస్థ దివాలా తీసినది. ఆ మే నెలలో కర్మాగారమును, యంత్రములను, సామానును వేలము వేసిరి. రాయల్ రాబిన్స్ అను వర్తకుడు 56,500 డాలర్లకు పాడుకొనెను. హోవర్డు కొంత సామానుతో రాక్స్‌బరీకి పోయి తన పేర వేఱొక సంస్థ నెలకొల్పి గౌరవముగా బ్రదికెను. డెన్నిసన్ తాను కట్టిన కర్మాగారములోనే క్రొత్త యజమాని క్రింద పనులు చూచు ఉద్యోగిగా నిలిచెను. నలుబది యైదేండ్ల వయస్సున ఇట్టి స్థితి వచ్చుట యెట్టిదో, ఉద్యోగములలో నున్న మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

రాబిన్స్ గట్టివాడు. ఆ యేటి శరత్కాలమున అమెరికా యంతటను బ్యాంకులు కూలినప్పుడు కూడ ఆయన సంస్థను నిలిపెను. 1859లో అది అమెరికన్ వాచ్ కంపెనీ అయినది. ఎడతెగని క్రొత్త ప్రయోగముల డెన్నిసనుకును, లెక్క చూచుకొను యజమానికిని పొత్తు కుదరలేదు. 1862 నాటికి డెన్నిసన్ అక్కడి ఉద్యోగము కోల్పోయెను. ఇద్దఱిలో ఎవరిది న్యాయమని నన్నడిగిన, రాబిన్స్ లేనిదే కర్మాగారము నిలువదు. డెన్నిసన్ లేనిదే అది పుట్టియే యుండదు. అంతకు మించి తీర్పు చెప్పుట నా శక్యము కాదు.

ఆయన వెడలిన సమయము ఎట్టిదో చూడుడు. అమెరికా అంతర్యుద్ధము సాగుచుండెను. లక్షలాది యువకులు మొదటిసారి సొంత యూరు విడిచి, గంట ప్రకారము లేచి, గంట ప్రకారము నడువవలసివచ్చినది. వారి కొఱకు వాల్థమ్ సంస్థ విలియం ఎలరీ అను పేర చౌకరకము గడియారమును విడుదల చేసినది. ఎలరీ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనముపై సంతకము చేసినవారిలో ఒకడు. సైనికులు జీతములు రాగానే వానిని కొనిరి. డెన్నిసన్ పదునైదేండ్లు కలగన్న సామాన్యుని గడియారము సామాన్యుని జేబులో ప్రవేశించినది. ఆ లాభములో ఆయనకు భాగము లేదు.

1864వ సంవత్సరమున ఆయన బిగెలో అను భాగస్వామితో కలిసి ట్రెమాంట్ వాచ్ కంపెనీ యని వేఱొక సంస్థ నారంభించెను. ఈ మాఱు యుక్తి వేఱు. పెద్ద పలకలు, స్ప్రింగు డిప్పలు బోస్టనులో చేయుట. చిన్న చక్రములు, లీవరు మొదలగు సూక్ష్మ భాగములను కూలి తక్కువగల స్విట్జర్లాండులో చేయించి తెప్పించుట. దీనికై ఆయన కుటుంబముతో జూరిక్ నగరమున కాపురముండెను. వస్తువు ఒక దేశమున, భాగములు మఱియొక దేశమున చేయించుట నేడు లోకమంతటను సామాన్యము, ఆనాడది నూతనము. గడియారము మంచిదే యైనది. కాని 1866లో బోస్టనులోని భాగస్వాములు, అన్ని భాగములను అమెరికాలోనే చేయుదమని నిర్ణయించి, కర్మాగారమును మెల్‌రోజ్ అను ఊరికి మార్చిరి. డెన్నిసన్ అందుకు సమ్మతింపక తప్పుకొనెను. రెండేండ్లలో సంస్థ మూతపడినది. సముద్రమున కావల కూర్చుండి ఆయన ఆ వార్త వినెను.

అరువదేండ్లు సమీపించుచుండగా ఆయన స్విట్జర్లాండు విడిచి ఇంగ్లండుకు వచ్చి బర్మింగ్‌హామ్ చేరెను. మెల్‌రోజ్ యంత్రములను ఒక ఆంగ్ల సంస్థ కొనుటలో ఆయన తోడ్పడెను. అవి అట్లాంటిక్ దాటి బర్మింగ్‌హామ్ వచ్చినవి. ఆ ప్రయత్నమునను ఆయనకు మిగిలిన దల్పము. అప్పుడాయన గడియారపు లోపలి యంత్రమును విడిచి, పైమూతలపై దృష్టి నిలిపెను.

ఆంగ్ల దేశమున వెండి బంగారు వస్తువులకు ప్రభుత్వపు పరీక్షాముద్ర లేనిదే అమ్మకము లేదు. అందుచే వాల్థమ్ సంస్థ తన యంత్రములను మూతలు లేకయే లండను శాఖకు పంపి, మూతలు ఇంగ్లండులోనే చేయించుట లాభమని తలచినది. 1870ల నడుమ ఆ మూతలు చేయు పని డెన్నిసన్ చిన్న కార్ఖానాకు దొరికినది. తన్ను వెడలగొట్టిన సంస్థ గడియారములకు ఆయన చొక్కాలు కుట్టసాగెనన్నమాట. ఈ పనిలో మాత్రమాయనను దురదృష్టము వెంబడింపలేదు. 1879లో ఆల్ఫ్రెడ్ విగ్లీ భాగస్వామిగా చేరగా డెన్నిసన్ విగ్లీ కంపెనీ యైనది. మూతలు కూడ యంత్రములపై ఒకే కొలతకు చేయుటయే అక్కడను రహస్యము. చెప్పుల అట్టల పద్ధతియే వెండిపై సాగినది.

బ్రిటిషు పాలనలోని దేశములకు వచ్చిన వాల్థమ్ గడియారములలో డెన్నిసన్ మూతలు గలవి తఱచుగా కనిపించును. మన సంఘ మిత్రు లొకరు సోనారిలో తమ తాతగారి గడియారమును చూపినప్పుడు వెనుక మూత తెఱచి చూచితిమి. లోపల లంగరు గుర్తు, నడచు సింహము గుర్తు, ఒక అక్షరము, వాని ప్రక్క ఏ. ఎల్. డి. అను మూడు ఆంగ్లాక్షరములు చిన్నవిగా నుండెను. లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షాశాల గుర్తు. సింహము మంచి వెండికి గుర్తు. అక్షరము పరీక్షించిన సంవత్సరమును తెలుపును. మూడక్షరములు ఆరన్ లఫ్కిన్ డెన్నిసన్ పేరునకు పొడి అక్షరములు. దాని క్రింది మూత తెఱవగా యంత్రముపై వాల్థమ్ పేరు. తండ్రియు బిడ్డయు ఒకే జేబులో ఉండిరి. ఆ వెండిని తూకమునకు అమ్మనందుకు ఆ కుటుంబమును అభినందించితిమి.

జంషెడ్‌పూరు చరిత్రకును జేబు గడియారమునకును సంబంధము లేకపోలేదు. చార్లెస్ పేజ్ పెరిన్ మొదలైన అమెరికా ఇంజనీర్ల పథకముపై 1908లో సాక్చిలో పని ఆరంభమై, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు వెడలినది. ఆ యేటనే ఇక్కడ ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చినది. సూర్యుని చూచి పొలమునకు పోవు అలవాటుగల మన కోస్తా జిల్లాలవారు బెంగాల్ నాగపూర్ రైలెక్కి వచ్చి, అర్ధరాత్రి షిఫ్టునకును తెల్లవారుజాము షిఫ్టునకును లేవ నేర్చుకొనిరి. చేతి గడియారము ఇంకను పురుషులలో వ్యాపింపని దినము లవి. ఫోర్‌మన్ జేబులో గొలుసుతో వ్రేలాడు గడియారమే అధికార చిహ్నము.

ఇంట అట్టి గడియార మున్నవారు దానిని గుర్తించు విధము కొంచెము తెలిసికొనుట మంచిది. ముఖముపై పేరును, మూతపై నంబరును నమ్మరాదు. అమెరికాలో కొనుగోలుదారు లోపలి యంత్రము నొకటి, మూత నొకటి ఏరుకొని జతపఱపించుకొనెడివాడు. కనుక మూతపై నంబరు మూత చేసినవానిదే గాని గడియారముది కాదు. చూడవలసినది యంత్రపు పలకపై చెక్కిన నంబరు. వాల్థమ్ సంస్థ తన నంబర్లను వరుసగా వేసినందున, నంబరును బట్టి తయారైన సంవత్సరమును సుమారుగా చెప్పు పట్టికలు కలవు. అదే పలకపై ఎలరీ, బార్ట్‌లెట్, ఆపిల్టన్ ట్రేసీ వంటి పేర్లు కనిపించును. ఇవి యజమాని పేర్లు కావు. యంత్రము రకమును, శ్రేణిని తెలుపు పేర్లు. బార్ట్‌లెట్ ఆ కర్మాగారములో ఒక ఫోర్‌మన్.

పరిమాణమునకు సైజు అను లెక్క కలదు. సున్న సైజు అనగా అంగుళము, దానిపై అంగుళములో ముప్పదవ వంతులు అయిదు. ఒక్కొక్క సైజునకు ఒక్కొక్క ముప్పదవ వంతు పెరుగును. 18 సైజు పాతకాలపు పెద్ద గడియారము, 16 సైజు తరువాతి కాలమున హెచ్చుగా వాడినది. కొలువవలసినది యంత్రపు పలకను, మూతను కాదు. వేఱుగా తాళపుచెవితో కీ ఇచ్చునది పాతది. పైనున్న గుండీని త్రిప్పి కీ ఇచ్చునది తరువాతిది. ఇరుసుల క్రింద పొదిగిన రాళ్ళు ఏడు, పదునైదు, పదునేడు, ఇరువదియొకటి, ఇట్లుండును. ఎఱ్ఱగా మెఱయుటచే వానిని చూచి ఆశపడువారు కలరు, విడిగా అమ్మిన వానికి విలువ యేమియు రాదు. అమెరికా గడియారములకు పేరు వచ్చిన పిమ్మట స్విట్జర్లాండులో కొందఱు, పేరులో ఒకటి రెండక్షరములు మార్చి నకళ్ళు చేసిరి. కనుక పేరును కూడబలుకుకొని చదువవలెను. మూత అంచు లోపల, ఇప్పటి మఱలకు సంబంధములేని పాత గీతలు కనిపించినచో ఆ యంత్రము ఆ మూతలోనికి తరువాత వచ్చినదని యర్థము. దానిచేత గడియారము చెడ్డదని కాదు. సేకరించువారు తక్కువ ధర యిత్తురు. అన్నింటికంటె ముఖ్యము: ఎన్నియో యేండ్లు నిలిచియున్న గడియారమునకు వెంటనే కీ ఇచ్చి చూడరాదు. ఎండిన నూనె ఇరుసులను అఱుగదీయును. పని తెలిసినవానిచేత శుభ్రము చేయించిన పిమ్మటనే నడుపవలెను.

1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనములో వాల్థమ్ సంస్థ తనంత తాను మఱలు చేయు యంత్రములను చూపెను. చూచిన స్విట్జర్లాండువారు దిగులుపడిరి. లాంజీన్ సంస్థకు చెందిన జాక్ డేవిడ్ అను ఇంజనీరు అమెరికా కర్మాగారములను పరిశీలించి, పద్ధతులు మార్చుకొననిచో స్విస్ పరిశ్రమకు ముప్పు తప్పదని తన దేశీయులకు పెద్ద నివేదిక వ్రాసెను. వారు విని మార్చుకొనిరి. మన కార్యాలయములలో ఎన్ని నివేదికలకు అట్టి గతి పట్టునో పాఠకు లూహింపగలరు. ఆ ప్రదర్శనము నాటికి డెన్నిసనుకు అరువది నాలుగేండ్లు. ఆయన బర్మింగ్‌హామ్‌లో మూతలు చేయుచుండెను.

1895వ సంవత్సరము జనవరి 9వ తేదీన డెన్నిసన్ బర్మింగ్‌హామ్‌లో తనువు చాలించెను. మఱుసటి యేడు అమెరికాలో ఇంగర్‌సాల్ సోదరులు ఒక్క డాలరునకు జేబు గడియారమును అమ్మసాగిరి. డెన్నిసన్ కుమారుడు ఫ్రాంక్లిన్ మూతల కార్ఖానాను పెంచెను. 1905లో అది డెన్నిసన్ వాచ్ కేస్ కంపెనీ అయినది. పిమ్మట రోలెక్స్, ఒమెగా వంటి పేరుగల చేతి గడియారములకును మూతలు చేసి, 1967లో మూతపడినది. వాల్థమ్ సంస్థ దాదాపు మూడున్నర కోట్ల గడియారములు చేసి 1957లో ఆ పని ఆపివేసినది. ఆయన కన్న ఈ రెండు సంస్థలలో ఒక్కటియు పూర్వరూపమున నిలువలేదు.

నిలిచినది అట్టపెట్టెల సంస్థ. ఆయన అక్కఱలేదని తమ్మునికి అప్పగించిన ఆ వ్యాపారము పెట్టెలనుండి సరుకులకు కట్టు చీటీలకు, చీటీలనుండి అంటించు లేబుళ్ళకు విస్తరించి, 1990లో మఱియొక సంస్థతో కలిసి ఏవరీ డెన్నిసన్ అయి నేటికిని సాగుచున్నది. బిష్టుపూర్‌లో కొన్న చొక్కా మెడవద్ద చీటీ ఉన్నచో, అది ఆ సంస్థదే కావచ్చును.